తిరిగొచ్చిన రోజు ఎవరింట్లో ఉంది?

అందరికీ నమస్కారం.

ఇందాక కుర్చీలు సర్దుతూ లైబ్రేరియన్ గారు అడిగారు, "మేడమ్, వేదిక మీద రెండే వేశాను, అధ్యక్షుల వారికి ఇంకోటి వేయించనా?" అని. అధ్యక్షులు వద్దండీ, మేమిద్దరమే అన్నాను. మాస్టారూ నేనూ మూడేళ్ళుగా ఇలాగే గ్రంథాలయాలు తిరుగుతున్నాం. దండలూ శాలువాలూ వద్దని ముందే ఫోన్ చేసి చెప్తాం. సన్మానం మొదలుపెడితే గంట దానికే పోతుంది. మాట్లాడాల్సిన పెద్దవాళ్ళు మాట్లాడకుండానే ఇంటికి వెళ్ళిపోతారు. అందుకని మాకొక పద్ధతి ఉంది. ముందు నేనొక ఇరవై నిమిషాలు మాట్లాడతాను, తర్వాత మాస్టారు ఇంకో ఇరవై నిమిషాలు. ఆ తర్వాత మీరు. మీరు మాట్లాడుతుంటే మేమిద్దరం నోట్‌బుక్కులు తీసి రాసుకుంటాం. కరపత్రంలో ప్రసంగం అని వేశారు, సంతోషం. మా వరకు ఇది నవల రాసే పనిలో సగం.

ఇద్దరం ఒకే ఊరి మీద, ఒకే ఏడాది మీద రాస్తున్నాం. ఊరు మీ చీరాల. ఏడాది 1921. మాస్టారి నవల ఒక గుమాస్తా కథ. ఊరంతా పన్ను కట్టం అని కూర్చుంటే, ఆ పన్ను కోసం జప్తు నోటీసులు రాయాల్సిన ఉద్యోగం అతనిది. రాసేదీ ఈ ఊరివాడే, అందుకునేదీ ఈ ఊరివాళ్ళే. నాది ఒక మగ్గం ఇంటి కోడలి కథ. ఒకే బావిలో రెండు చేదలు వేస్తే తాళ్ళు చిక్కుపడవా అని ఒక మిత్రుడు అడిగాడు. చిక్కుపడతాయి. అయినా మేమొక ఒప్పందం చేసుకున్నాం. ఎవరికి ఏ ఆధారం దొరికినా రెండోవాళ్ళకి చూపించాలి. దాంతో ఏం రాసుకోవాలో ఎవరిష్టం వాళ్ళది. మాస్టారికి కాగితం మీద నమ్మకం ఎక్కువ. నాకు మనుషుల జ్ఞాపకం మీద ఎక్కువ. విడివిడిగా తిరిగితే ఆయనకి మనుషులు దొరకరు, నాకు కాగితాలు దొరకవు.

ఇక్కడ డిగ్రీ చదివే పిల్లలు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి కథ క్లుప్తంగా చెప్తాను, పెద్దవాళ్ళు ఏమీ అనుకోవద్దు. అప్పటిదాకా యూనియన్‌గా, అంటే పంచాయతీ లాంటి చిన్న పాలన కింద, ఉన్న చీరాల పేరాలను 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్నులు దాదాపు పది రెట్లయ్యాయి. ఊళ్ళో ఎక్కువమంది నేతపనివాళ్ళు, చిన్న రైతులు, చిన్న వ్యాపారులు. మాకు మునిసిపాలిటీ వద్దని అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. పన్ను కట్టడం మానేశారు. కొందరిని జైలుకి పంపారు, అలా వెళ్ళినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది, రావూరి అలమేలు మంగమ్మ గారు. బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు అయిన వారంలోనే, 1921 ఏప్రిల్ 6న, గాంధీ చీరాల వచ్చారు. మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోతే ఇక పన్నే ఉండదు కదా అన్నది ఆయన చూపిన దారుల్లో ఒకటి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు ఆ దారి పట్టించారు. 15,000 పైచిలుకు జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలున్నారు. మధ్యలో గోపాలకృష్ణయ్య గారు మాట్లాడొద్దన్న ఉత్తర్వును ధిక్కరించి బరంపురంలో అరెస్టయ్యారు, ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకి వెళ్ళారు. 1922 ఫిబ్రవరిలో, చౌరీచౌరా తర్వాత, గాంధీ ఉద్యమాన్ని ఆపేశారు. మార్చిలో ఆయన్నీ జైల్లో పెట్టారు. ఇక్కడ నాయకుడు లేడు, డబ్బు లేదు. జనం ఇళ్ళకి తిరిగొచ్చారు.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. నవల రాద్దామని కూర్చుంటే మాత్రం ఇందులో పనికొచ్చేది చాలా తక్కువ. "13,000 మంది ఊరు వదిలారు" అని చరిత్ర ఒక వాక్యంలో చెప్పేస్తుంది. నాకు ఆ వాక్యంలో ఒక్క ఇల్లు కావాలి. ఆ ఇంటి కోడలు పొద్దున్నే లేచి నీళ్ళకి ఎటు నడిచింది? చంటిపిల్లని ఎక్కడ పడుకోబెట్టింది? మగ్గాన్ని ఏం చేశారు? ఈ ప్రశ్నలకి జవాబు మద్రాసు ఫైళ్ళలో ఉండదు. ఇక్కడ కూర్చున్న ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుంది, లేకపోతే ఎక్కడా ఉండదు.

ఈ సంగతి నాకు ముందే తెలిసినట్టు మాట్లాడుతున్నాను గానీ, ఒక తప్పు చేశాకే తెలిసింది. నా మొదటి నవలలో ఒక కుర్రాడు 1885లో చీరాల నుంచి మద్రాసు పోతాడు. రైలెక్కించి పంపాను. కిటికీ పక్కన కూర్చోబెట్టి, చెట్లు వెనక్కి పోతుంటే వాళ్ళమ్మ గుర్తొచ్చినట్టు మూడు పేజీలు రాశాను. ఆ పేజీలంటే నాకు చాలా ఇష్టం కూడా. పుస్తకం వచ్చాక ఒక శాఖా గ్రంథాలయంలో నాతో మాట్లాడించారు. అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, "అమ్మా, బెజవాడ నుంచి మద్రాసుకి రైలు దారి పూర్తయింది 1899లో గదా. అంతకుముందు మావాళ్ళు మద్రాసు పోవాలంటే కాలవ మీదే" అన్నారు. వాళ్ళ ముత్తాత పడవ నడిపేవాడట. కొమ్మమూరు కాలవ మీద పెదగంజాం దాకా, అక్కణ్ణించి బకింగ్‌హామ్ కాలవలో దక్షిణానికి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. గాలి పడిపోతే గట్టు మీదికి దిగి, మోకు భుజానికి కట్టుకుని లాక్కుంటూ నడిచేవాళ్ళు. భుజం మీద ఆ మోకు ఒరుసుకున్న చోట చర్మం గట్టిపడి నల్లగా ఉండేదట. ఆయన తన భుజం మీద చెయ్యి పెట్టి, "ఇదిగో, ఇక్కడ" అని చూపించారు.

నేనా రాత్రి నిద్రపోలేదు. తేదీ తప్పినందుకు బాధ ఒకటి. అంతకంటే పెద్ద బాధ, నేను పోగొట్టుకున్న మూడు పేజీలు. పడవలో ఆ కుర్రాడు రోజుల తరబడి పోయేవాడు. వాళ్ళమ్మ గుర్తు రావడానికి కిటికీ అవసరమే లేదు. రెండో ముద్రణలో ఆ అధ్యాయం మొత్తం తీసేసి మళ్ళీ రాశాను. అప్పటి నుంచి నియమం పెట్టుకున్నాను, నవల అచ్చుకి వెళ్ళాక కాదు, రాస్తుండగానే ఊరి ముందుకి రావాలని. మాస్టారు పరిచయమయ్యాక అది ఇద్దరి నియమం అయింది.

మేమిద్దరం పనిచేసేది ఎక్కువగా మీ పక్కనే, వేటపాలెం సారస్వత నికేతనంలో. 1918లో ఒక చిన్న పల్లెటూరివాళ్ళు పెట్టుకున్న గ్రంథాలయం అది. ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వచ్చి ఆ ఊళ్ళో మకాం పెట్టి చదువుకుని పోతారు, పాత పత్రికల కోసం. 1929లో ఆ భవనానికి శంకుస్థాపన చేసింది గాంధీ గారు. చీరాలవాళ్ళలో అక్కడికి ఒక్కసారి కూడా వెళ్ళనివాళ్ళు ఉంటే, దయచేసి ఈ ఆదివారమైనా వెళ్ళండి. వందేళ్ళ కిందటి పత్రిక తెరిచినప్పుడు మొదట వచ్చేది వాసన. ఎండిన పొగాకుకీ పాత బియ్యపు డబ్బాకీ మధ్యలో ఉంటుంది. కాగితం అప్పడంలా ఉంటుంది, మూల పట్టుకుని తిప్పితే మూల చేతిలోకి వస్తుంది. కింద అట్టముక్క దూర్చి, అట్టతో పాటే పేజీని తిప్పాలి. మాస్టారు అది నేర్పేదాకా నేను ముట్టుకోవడానికే భయపడేదాన్ని.

ఆయన వార్త చదువుతారు. నేను వార్త పక్కన ఏముందో చదువుతాను. ఆంధ్రపత్రికలో అమృతాంజనం ప్రకటన ఉంటుంది, రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు గారివే కాబట్టి. దాని కిందా పైనా బట్టల దుకాణాలు, మందులు, పుస్తకాల ధరలు. నా కోడలికి తలనొప్పి వస్తే ఆ ఇంట్లో ఏం రాసేవాళ్ళు, సొంఠి గంధమా, సీసాలో మందా? సీసా అయితే ఎవరు కొనిచ్చారు? అలాంటి చిన్న విషయం తేలితే ఒక మధ్యాహ్నం అంతా కళ్ళముందు కదుల్తుంది.

ఇంకో కష్టం మాస్టారు చెప్తారనుకోండి, అయినా ఒక్క మాట. మీ ఊరు ఉన్నచోటనే ఉంది, జిల్లాలే దాని మీంచి నడిచి వెళ్ళాయి. 1859 నుంచి 1904 దాకా కృష్ణా జిల్లా. 1904లో గుంటూరు జిల్లా మళ్ళీ ఏర్పడితే అందులోకి. 1970లో ఒంగోలు జిల్లాలోకి, అదే తర్వాత ప్రకాశం అయింది. 2022లో బాపట్లలోకి. పైగా రాజధాని అప్పట్లో మద్రాసు. ఒక కాగితం కోసం ఎన్ని తలుపులు తట్టాలో ఆలోచించండి. ఒక కార్యాలయంలో అయితే పాత రిజిస్టర్లు ఉన్నాయని ఒకరు, చెదలు పట్టాయని ఇంకొకరు, అసలు మాకు రానేలేదని మరొకరు చెప్పారు. మాస్టారు నాలుగుసార్లు తిరిగారు. ఆయన వయసు డెబ్బై దాటింది. నాలుగోసారి బస్టాండులో కూర్చుని, "ఆ గుమాస్తా ఇంత కష్టపడి రాశాడే, దాచుకోలేకపోయాం" అన్నారు. ఆయన మాట్లాడింది తన నవలలో పాత్ర గురించి.

సరే, మగ్గం దగ్గరికొస్తాను.

నా ప్రశ్న చాలా మామూలుది. ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు మగ్గాన్ని ఎలా తీసుకెళ్ళారు? ఏ పుస్తకంలోనూ దొరకలేదు. జాండ్రపేటలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళారు. ఎనభై దాటిన మనిషి, ఇప్పటికీ పొద్దున పూట కాసేపు నేస్తారు. వెళ్ళేసరికి పడుగు అతుకుతున్నారు. నేను ప్రశ్న అడిగితే నవ్వి, "మగ్గం తీసుకుపోవచ్చమ్మాయ్. గుంటని ఎట్టా తీసుకుపోతావు?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. లేచి చూపించారు. గుంట మగ్గమంటే మీలో చాలామందికి తెలుసు. నేల మట్టంలో కూర్చుని, కాళ్ళు గుంటలోకి వదిలి, కింద తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. ఆయన గుంటలోకి దిగి నిలబడి, ఆ అంచు తన కాలికి ఎక్కడి దాకా వచ్చిందో అరచెయ్యి ఆనించి చూపించారు. "ఇది నా కాలికి తవ్వింది. మా నాయన గుంట ఇంకా లోతు, ఆయన పొడుగు. వేరేవాడి గుంటలో కూర్చుంటే రెండు రోజులకి నడుం పట్టేస్తది" అన్నారు. గుంట అడుగున మట్టి ఎప్పుడూ కాస్త చెమ్మగా ఉంటుందట, ఆ చెమ్మకి నూలు తెగడం తగ్గుతుందట. చెక్కసామానంతా విప్పి భుజాన వేసుకుని పోవచ్చు. కానీ ఇది సముద్రం పక్క ఇసక నేల. కొత్తచోట ఇసకలో గుంట తవ్వితే సాయంత్రానికి పూడిపోతుంది. నల్లమట్టి తెచ్చి చుట్టూ మెత్తాలి, లేదా తాటి దుంగలు చీల్చి అడ్డం పెట్టాలి. అది ఆరాలి. అన్నిరోజులూ కూలి లేదు.

అంతా విని నేను అనుకున్నది ఏమిటంటే, ఊరు వదిలినవాడు ఇల్లూ వాకిలీ ఒక్కటే వదల్లేదు, తన కాలి కొలతని ఇంట్లో వదిలి వెళ్ళాడు. ఇది నాకు ఏ ఫైలు చెప్తుంది?

నేను వెళ్ళిన రోజు గురించే అడుగుతున్నాను. బళ్ళు ఎటు కదిలాయి, ముందు ఎవరు నడిచారు అని. ఆయన అలాంటివి వినలేదు. కండె మారుస్తూ, తలెత్తకుండా, "తిరిగొచ్చినాక గుంటలో మోకాల్లోతు నీళ్ళున్నయ్యంట. కప్పలు, తేళ్ళు. మా నాయనకి అప్పుడు ఏడేళ్ళు. చెంబుతో తోడి పోసింది వాడే" అన్నారు. తన తండ్రిని "వాడు" అన్నారాయన. ఏడేళ్ళ పిల్లాడు కదా, ఆ క్షణంలో ఆయన కళ్ళకి అలా కనిపించి ఉంటాడు.

అక్కడ నా పెన్ను ఆగిపోయింది. అప్పటికి రెండేళ్ళుగా తిరుగుతున్నాను. వెళ్ళిన రోజు గురించి ఎవరిని అడిగినా చెప్పేవాళ్ళు. భజనలు పాడుకుంటూ వెళ్ళారని, గోపాలకృష్ణయ్య గారి రామదండు వాలంటీర్లు ముందు నడిచారని, వాళ్ళ ముత్తాత బండి కట్టాడని. గర్వంగా చెప్పేవాళ్ళు, అలా చెప్పుకోవాల్సిందే కూడా. తిరిగొచ్చిన రోజు గురించి ఒక్కరు కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు. పుస్తకాల్లో కూడా వెళ్ళడానికి పేజీలు, రావడానికి ఒక వాక్యం. ఓడిపోయి వచ్చాం అనుకుని ఇళ్ళలో ఆ మాట ఎత్తడం మానేశారేమో. ఉపన్యాసాలు లేని రోజు అది. పత్రికలవాళ్ళు రాని రోజు. మగ్గం గుంటలో నీళ్ళు తోడుకున్న రోజు.

మాస్టారు ఒప్పుకోలేదు. ఒక్క మనిషి జ్ఞాపకం, అదీ తండ్రి చెప్పింది, ఆధారం కాదన్నారు. నాకు కోపం వచ్చింది కూడా. అయితే ఆయన ఊరుకోకుండా లెక్క వేశారు. ఏప్రిల్ నెలాఖరులో ఇల్లు వదిలి, పదకొండు నెలల తర్వాత వస్తే, మధ్యలో నైరుతి వానలు పోయాయి, కార్తీకంలో తీరం మీద పడే వానలూ పోయాయి. కప్పు నేయించని ఇల్లు. మూసిన తలుపులు. గుంటలో నీళ్ళు నిలవకపోతేనే ఆశ్చర్యం అన్నారు. తర్వాత పంచాంగం తీశారు. ఈ ప్రాంతం పెద్దవాళ్ళకి 1921 అంటే గుర్తుండదు, "దుర్మతిలో" అంటే గుర్తొస్తుంది. గాంధీ వచ్చి వెళ్ళిన రెండు మూడు రోజులకే దుర్మతి ఉగాది. పదకొండు నెలలు లెక్కపెడితే, తిరిగి రావడం దుందుభి ఉగాదికి కాస్త అటూ ఇటూ పడుతుంది. అంటే కొత్త పచ్చడి ఎక్కడ తిన్నారు, పాకలోనా ఇంట్లోనా అని అడిగితే తేదీ తేలుతుంది. ఇలా అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. కాగితాల మనిషి నాకు నేర్పిన ప్రశ్న అది.

ఆ తర్వాత నుంచి ప్రతి గ్రంథాలయంలో ఇద్దరం తిరిగొచ్చిన రోజు గురించే అడుగుతున్నాం. పోయిన ఏడాది గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక చోట సభ అయ్యాక ఒకావిడ వచ్చారు. చేతిలో సంచి, సంచిలో ఇత్తడి బిందె. "మా అత్తగారి అత్తగారిదండీ. ఊరొదిలి వెళ్ళినప్పుడు దీంతోనే నీళ్ళు మోసిందట. మా అత్తయ్య దీన్ని ఎప్పుడూ బోర్లించనిచ్చేది కాదు" అన్నారు. బిందె మెడ కింద, మన ఇళ్ళలో గిన్నెల మీద ఉన్నట్టే, ఉలితో కొట్టిన చుక్కల అక్షరాలు. ఒక ఇంటిపేరు, ఒక ఆడమనిషి పేరు.

నేను పేరు చదివి, "మీ ఇంటిపేరు ఇదా అండీ?" అన్నాను. "కాదండీ, అదే తెలీడం లేదు" అన్నారు.

వాళ్ళ ఇంటిపేరు కాదు. పుట్టింటిదీ కాదు. ఇంట్లో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు. మరి ఆ బిందె వాళ్ళింటికి ఎలా వచ్చింది? ఆవిడ అత్తగారు చెప్పిన మాట ఒకటే ఉంది: "వాళ్ళొస్తే ఇచ్చేయాలి." ఎవరొస్తే, ఎక్కడి నుంచి అని ఎవరూ అడగలేదు. అత్తగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. బిందె అలాగే ఉంది. వాడరు, అమ్మరు, బోర్లించరు.

మేమిద్దరం ఆ రాత్రి బస్సులో దాని గురించే వాదించుకున్నాం. నేనేమంటానంటే, రామనగర్లో పక్కపక్క పాకల్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర బిందెలు మార్చుకున్నారు. ఒకటి చిల్లు పడితే ఇంకొకటి ఎరువు, అంటే వాడుకుని తిరిగిమ్మని, ఇచ్చి ఉండొచ్చు. రెండూ వేర్వేరు కులాల ఇళ్ళు కావచ్చు. ఊళ్ళో ఉంటే ఒకరి బిందె ఇంకొకరి దూలం కిందికి వచ్చేది కాదు. తిరిగొచ్చేటప్పుడు ఆ రెండో కుటుంబం చీరాల రాలేదు, ఇంకెటో పోయింది. మాస్టారేమంటారంటే, "నువ్వు చెప్పింది బాగుంది, బాగున్నంత మాత్రాన జరిగినట్టు కాదు. తాకట్టు వస్తువు కావచ్చు. పదకొండు నెలలు పని లేకపోతే ఇత్తడే ముందు కదులుతుంది." ఆయన మాట కూడా నిజం కావచ్చు. ఒకే బిందె నా నవలలో ఎరువు, ఆయన నవలలో తాకట్టు. రెండు పుస్తకాలూ వచ్చాక చదివి మీరు తేల్చండి.

కల్పన ఎంతవరకు అని చాలాచోట్ల అడుగుతారు, ఇక్కడా అడుగుతారని ముందే చెప్తున్నాను. నా హద్దు నాకు స్పష్టంగా ఉంది. పేరుగల మనుషుల నోట్లో నేను మాటలు పెట్టను. గోపాలకృష్ణయ్య గారినే తీసుకోండి. ఎడింబరోలో ఎం.ఏ. చదివారు, కళా విమర్శకుడు ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణం అనే సంస్కృత నాట్యగ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు, అది 1917లో అమెరికాలో అచ్చయింది. అంత చదువుకున్న మనిషి నేతగాళ్ళ మధ్య పాకలో ఉన్నారు. 1928లో, 39 ఏళ్ళకే పోయారు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే ఎలా ఉండేదో ఊహించాలని ఏ రచయితకైనా ఆశగానే ఉంటుంది. నా నవలలో ఆయన గొంతు దూరం నుంచి వినిపిస్తుంది అంతే. నా కోడలు జనం వెనకాల, పిల్లని చంకనేసుకుని నిలబడి ఉంటుంది. మాటలు సగమే వినబడతాయి. ఆ రోజు అక్కడున్న ఆడవాళ్ళలో ఎక్కువమందికి అంతే వినబడి ఉంటుంది. మాస్టారి పద్ధతి వేరు. పత్రికలో ఉన్న వాక్యం ఉన్నట్టు వాడతారు, ఒక్క అక్షరం మార్చరు. పేరులేని మనుషుల విషయంలో మాత్రం ఇద్దరం ధైర్యంగా కల్పిస్తాం. ఎందుకంటే వాళ్ళ గురించి కల్పించకపోతే వాళ్ళు అసలు ఉండరు.

ఇక్కడికి వస్తుంటే ఒక విషయం మనసులో మెదిలింది. ఈ గ్రంథాలయం నడిచేది మీ ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్నుతో. మీ ముత్తాతలు పన్ను మీద కోపంతో ఊరే వదిలేశారు. పన్ను అంటేనే వాళ్ళకి పడక కాదు, మమ్మల్ని అడక్కుండా మా మీద వేశారన్నది వాళ్ళ కోపం. ఇప్పుడు ఆ ఎనిమిది పైసలతో వాళ్ళ కథ వెతుక్కోవడానికి ఒక గది, రెండు ఫ్యాన్లు, ఇన్ని కుర్చీలు ఉన్నాయి. ఈ గదిని వాడుకోవడం మన హక్కు.

ఇప్పుడు మీ దగ్గర నాకు కావలసింది చెప్తాను. తాళాలు వేసి వెళ్ళారని అందరూ రాశారు. తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? మొలతాడుకి కట్టుకున్నారా, అత్తగారి కొంగు ముడిలో ఉందా? వచ్చాక మొదట తలుపు తీసింది ఎవరు? మీ ఇళ్ళలో ముసలివాళ్ళు ఎప్పుడైనా ఆ పాత ఇంటి గురించి, చెదల గురించి, పాముల గురించి, నీళ్ళు తోడడం గురించి ఏదైనా అన్నారా? దుందుభి ఉగాది పచ్చడి గురించి అన్నారా? గొప్ప సంగతులు అక్కర్లేదు. "మా తాత ఏం చెప్పేవాడు కాదండీ, ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు" అన్నా రాసుకుంటాం. అదీ సమాచారమే. మీ ఫోటోలు, పత్రాలు మాకు ఇవ్వనక్కర్లేదు, ఇక్కడే చూసి మీకే తిరిగిచ్చేస్తాం. ఎవరి పేరూ నవలలో రాయం.

ఆ బిందె తెచ్చినావిడ ఈ రోజు ఇక్కడికి వచ్చారు. బిందె కూడా తెచ్చారు, రెఫరెన్సు బల్ల మీద పెట్టాం. వాళ్ళింటిని అడగకుండా ఆ ఇంటిపేరు నేను మైకులో చెప్పను. మీరే దగ్గరికెళ్ళి చదవండి. మొదటి అక్షరం అరిగిపోయింది, తలకట్టు కలిసి ఉందో విడిగా ఉందో తెలియడం లేదు. అది 'ప' అయినా కావచ్చు, 'వ' అయినా కావచ్చు. రెండు రకాలుగానూ చదివి చూడండి. ఏదో ఒకటి మీరు విన్న పేరు కావచ్చు. తుడవకండి, ఎత్తి చూసినా మళ్ళీ నిలబెట్టండి.

మాస్టారూ, మైకు తీసుకోండి.